పన్ను మారితే బండ మారుతుంది

పుష్య మాసపు చలి ఇంకా వదలని పొద్దు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర మైదానంలో ఒక రైతు కోడె ముక్కుతాడును ఎడమ చేత్తో పొట్టిగా పట్టుకుని, కుడి చేతి బొటనవేలితో దాని కింది పెదవిని వంచుతాడు. కోడె తల విదిలిస్తుంది. ముట్టె తడి అతని ముంజేతికి అంటుతుంది. పక్కనున్న ఇద్దరు ముందుకు వంగి చూస్తారు. పాలలా తెల్లగా, సన్నగా ఉన్న పళ్ల మధ్య పలుగు మొనలా వెడల్పుగా మెరిసే కొత్త పళ్లు నాలుగు. పోయిన ఉగాదికి రెండే ఉన్నాయి.

"నాలుగేసింది" అంటాడొకడు. అంతే. ఆ ఒక్క మాటతో ఆ కోడె లాగవలసిన బండ మారిపోతుంది, పక్కన నిలబడే పోటీదారులు మారిపోతారు, ఏడాదిగా ఇంటిల్లిపాదీ వేసుకున్న లెక్కలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి.

పశువుకు పైదవడలో ముందుపళ్లు ఉండవు. అక్కడ గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. కింది దవడలో ఎనిమిది. దూడప్పుడు అవి పాలపళ్లు. రెండేళ్లు దాటాక నడిమి రెండూ ఊడి, వాటి చోట పెద్ద పళ్లు వస్తాయి. మూడేళ్లకు అటూఇటూగా వాటి పక్కన ఇంకో రెండు, మూడున్నర, నాలుగేళ్ల మధ్య మరో రెండు, అయిదో ఏటికి చివరి జత. అప్పుడు నోరు నిండినట్టు. జాతిని బట్టి, మేతను బట్టి నెలలు ముందువెనకలవుతాయి గానీ వరస తప్పదు. పుట్టిన తేదీ ఎక్కడా రాసిపెట్టని జీవానికి ఇదే పుట్టుక ధ్రువపత్రం. సంతలో బేరగాళ్లు ఎన్నో తరాలుగా దీన్నే చదువుతున్నారు. తువాలు చాటున వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునే ముందు ఎవరైనా చేసే మొదటి పని కోడె నోరు తెరవడమే. తర్వాతే సుడులు, గిట్టలు, మూపురం, తోక.

బండలాగుడు పోటీలకు తరగతులు కట్టినవాళ్లు ఆ సంత విద్యనే తెచ్చి మైదానంలో పెట్టారు. పాలపళ్ల విభాగం, రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. నోరు నిండిన తర్వాత న్యూ కేటగిరీ, జూనియర్లు, సీనియర్లు అని ఊరూరికీ కొంచెం తేడాతో పేర్లు. మెట్టు ఎక్కేకొద్దీ బండ బరువెక్కుతుంది. సీనియర్ల దగ్గరికి వచ్చేసరికి అది టన్ను దాటిన నల్లరాయి. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎంత దూరం లాగిందన్నదే లెక్క. దూరాన్ని అడుగుల్లో, అంగుళాల్లో కొలుస్తారు. అంగుళాల తేడాతో బహుమతి చేజారిన రోజులను ఇళ్లల్లో ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

కోడుమూరు నుంచి ఎమ్మిగనూరు, ఆదోని దాకా ఉన్న ఈ పడమటి కర్నూలు పల్లెల్లో సంక్రాంతి మొదలు ఉగాది దాకా ఈ పోటీల కాలం. పంట ఇంటికి చేరి ఉంటుంది. ఎండ ఇంకా ముదరదు. ఒక్కో ఊరి జాతర ఒక్కో పోటీకి నెపం. ఏడాదికి ఏడాది ఈ కాలం తొలి వారాల్లో చూడవలసింది సీనియర్ల రాజసం కాదు. మెట్టు మారి వచ్చిన జతల తడబాటు.

రెండు పళ్లలో ఎదురులేకుండా లాగిన జత నాలుగు పళ్లలోకి వచ్చిన మొదటి పోటీ చూస్తే ఆ మార్పు కళ్లకు కడుతుంది. అరిచి తోలిన మొదటి కేకకే బండ కదులుతుందని దానికి అలవాటు. ఈ బండ కదలదు. కాడి మెడ మీద బిగుస్తుంది, ముందుకాళ్లు నేలను గీరుతాయి, ఎలపట ఎద్దు ఒక అడుగు ముందుకు వేస్తే దాపటది ఇంకా పాత ఊపు కోసం చూస్తూ ఉంటుంది. జత విడిపోతుంది. రెండో కేకకో మూడో కేకకో రాయి కదిలినా పోయిన క్షణాలు తిరిగి రావు. పక్క వరసలో ఉన్నవి ఏడాది ముందే ఈ తరగతికి వచ్చి, ఆరో పన్ను ఇంకా వేయని కోడెలు. ఒళ్లు నిండినవి, బండ ఎరిగినవి. వాటి ముందు నిన్నటి విజేత పిల్లకోడెలా కనబడుతుంది.

మనుషుల ఆటల్లో ఈ మెట్టు వేరేలా ఉంటుంది. ఫ్రాన్సులో 1902లోనే జాతీయ పోటీగా మొదలై, ఇప్పుడు యూరప్, అమెరికాల్లో చలికాలపు ఆటగా నిలిచిన సైక్లోక్రాస్‌ను తీసుకోండి. బురదలో సైకిలు తొక్కుతూ, అడ్డం వచ్చిన చోట దాన్ని భుజాన వేసుకుని పరిగెత్తే ఆట అది. అమెరికాలో ఔత్సాహికులు కింది తరగతిలో గెలిచి, పాయింట్లు కూడగట్టుకుని పై తరగతికి వెళతారు. పైకి వెళ్లాక మొదటి నెలలు వెనకబడి కష్టపడతారు, అది వేరే సంగతి. కానీ గెలిచినవాడే ఎక్కుతాడు. కోడెకు ఆ వీలు లేదు. గెలిచినదీ ఎక్కాలి, ఓడినదీ ఎక్కాలి. ఒక్క బహుమతీ ముట్టని జత కూడా పన్ను ఊడిన రోజున పై బండ ముందు నిలబడవలసిందే. అంతకంటే కష్టం మరొకటుంది. పన్ను రెండింటికీ ఒక్కసారే రాదు. జతలో ఒకదానికి ముందుగా నాలుగో పన్ను వచ్చిందా, ఇంకా రెండు పళ్ల మీదే ఉన్న రెండోదీ దానితోపాటు పైకి వెళ్లాలి. లేదా జతను విడదీయాలి. ఏడాదిపాటు ఒకే కాడి కింద నడక కుదుర్చుకున్న రెండు కోడెలను విడదీయడమంటే ఏమిటో వాటిని మేపిన ఇంటి ఆడవాళ్లను అడగాలి.

ఈ నేల మీద ఎద్దుకు ఇంత పట్టింపు ఎలా వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

బళ్లారి పక్కన కప్పగల్లు గుట్ట రాళ్ల మీద మూపురం, పొడుగాటి కొమ్ములు ఉన్న ఎద్దుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. ఆ చుట్టుపక్కల, తుంగభద్రకూ కృష్ణకూ అటూఇటూ, బూడిద దిబ్బలు కనిపిస్తాయి. పందొమ్మిదో శతాబ్దంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని పరిశీలించాడు. అవి ఏమిటన్న వాదన చాలాకాలం సాగింది. 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ కృష్ణకు ఉత్తరాన, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఒక దిబ్బను తవ్వించాడు. అది పశువుల దొడ్డి అని, పేరుకుపోయిన పేడ మళ్లీ మళ్లీ కాలి ఆ దిబ్బ ఏర్పడిందని తేలింది. బూడిద పొరల్లో పశువుల గిట్టల అచ్చులు చెక్కుచెదరకుండా దొరికాయి. నాలుగు వేల ఏళ్లు దాటిన అచ్చులు. ఆదోని ప్రాంతం ఆ పశుపాలకుల నేలలో భాగం. ఇక్కడ ఊళ్లు పుట్టకముందే దొడ్లు పుట్టాయి.

తర్వాతి వేల ఏళ్లలో ఎద్దు చేయని పని లేదు. లంబాడీలు ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కనంతా తిరిగింది ఎద్దుల మీదే. 1786లో టిప్పు సుల్తాన్ ఆదోని కోటను ముట్టడించి పట్టుకున్నప్పుడు మైసూరు ఫిరంగులను ఈడ్చింది కూడా ఎద్దులే. మైసూరు రాజులు పెంచి, హైదరు, టిప్పు విస్తరించిన ఆ పశుశాలకు టిప్పు అమృత్ మహల్ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఇప్పటికీ ఒక జాతికి నిలిచిపోయింది. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి అప్పగించాక థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉండి రైత్వారీ లెక్కలు కట్టాడు. ఆ లెక్కల్లో భూమి ఎంత ముఖ్యమో, దాన్ని దున్నే కాడి అంత ముఖ్యం. ఎద్దుల్లేని రైతుకు పట్టా ఉన్నా పంట లేదు.

ఇక్కడి నల్లరేగడి మామూలు నేల కాదు. వానకు జిగురై కాళ్లను పట్టేస్తుంది, ఎండకు పాదం దిగేంత బీటలు విచ్చుతుంది. దాని లోతుల్లో గడ్డి వేళ్లు పాతుకుంటే చిన్న నాగలికి లొంగవు. పెద్ద మడక కట్టి, దాని ముందు జత వెనక జతగా ఎద్దులను పూన్చి దున్నవలసి వచ్చేది. ఏ ఒక్క రైతు దగ్గరా అన్ని ఎద్దులుండవు. ఇరుగుపొరుగు రైతులు తమ జతలు తెచ్చి, ఒక పొలం తర్వాత ఒక పొలం దున్నుకునేవారు. నలుగురి ఎద్దులు ఒకే గొలుసు లాగుతుంటే ఎవరి జత బిగువు ఎంతో, ఎవరిది తప్పించుకుంటోందో అందరికీ కనబడక తప్పదు. పోటీ అన్న పేరు లేకపోయినా అక్కడ కొలత ఉంది. పెద్ద మడక పోయాక గుంటక, గొర్రు మిగిలాయి. ఎద్దు మీద కన్ను మాత్రం ఆ రోజుల్లో పడ్డదే.

కళ్లంలో రాతి గుండు ఉండేది. జొన్న వెన్నులను పరిచి దాని మీద గుండును తిప్పితే గింజ రాలేది. రాయిని ఎద్దుతో లాగించడం అక్కడ ఆట కాదు, సుగ్గి పని. బావి దగ్గర కపిలి ఉండేది. తోలు బానకు కట్టిన మోకును కాడికి తగిలించి, పల్లంగా తవ్విన బాటలో జత కిందికి నడుస్తుంటే వెనక నీళ్లు పైకి వచ్చేవి. బాట చివర ఆగడం, వెనక్కి రావడం, మళ్లీ ఒరిగి లాగడం. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కేదాకా అదే పని. బండలాగుడు పట్టెను చూసిన ముసలి రైతుకు కపిలి బాట గుర్తుకు రాకుండా ఉండదు. ఆగిన బరువును ఒక్కసారిగా కదిలించడం, కొంత దూరం, మలుపు, మళ్లీ మొదటి నుంచి. కరెంటు మోటార్లు వచ్చి బావుల దగ్గర కపిలి బాటలు పూడిపోయాక, అదే కదలిక జాతర మైదానంలో మిగిలింది. ఈ పోటీ ఏ రాజో కనిపెట్టిన వినోదం కాదు, సేద్యం విడిచిన పని. ఈ వ్యాసానికి ఆధారం ఆ ఒక్క మాటే.

ఎద్దుకు బలం ఎక్కడిదన్నది ఇంకో కథ. ఆదోని దూదికి పాత పేరు. బళ్లారి, ఆదోని వైపు పండిన పత్తిని వర్తకంలో వెస్టర్న్స్ అనేవారు, నంద్యాల వైపుది నార్తర్న్స్. 1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. ఆదోని ఆ దారిలోనే ఉంది. పత్తి బండ్లు రైలుకు చేరాయి, జిన్నింగ్ మిల్లులు వచ్చాయి. మిల్లు దూదిని తీసుకుని గింజను వదిలేది. ఆ పత్తిగింజే ఎద్దుకు మేత. నానబెట్టి రుబ్బిన పత్తిగింజలు, ఉడికించిన ఉలవలు, వేరుశనగ చెక్క, జొన్న సొప్ప. ఆదోని మార్కెట్ యార్డు నేటికీ రాష్ట్రంలో పేరున్న పత్తి మార్కెట్. పత్తిని రైలుకు చేర్చిన ఎద్దే పత్తి విడిచిన గింజ తిని కండ పట్టింది.

1876లో ధాత కరువు వచ్చింది. బళ్లారి, కర్నూలు జిల్లాలు ఆ కరువుకు గుండెకాయ లాంటివి. మనుషులు లక్షల్లో పోయారు. పశువులు అంతకు ముందే పోయాయి. మేత లేక, నీళ్లు లేక కాడి కింద నిలబడవలసిన ఎద్దులు ఎముకలగూళ్లయ్యాయి. కరువు తీరి వాన కురిసిన ఏట దున్నడానికి జతలు లేక మనుషులే గుంటకను లాగిన ఊళ్లున్నాయి. ఎద్దును కొడుకుతో సమానంగా చూసే అలవాటును పట్టణపు మనిషి అతిశయోక్తి అనుకోవచ్చు. ధాత కరువు వెనక ఉన్న నేలలో అది లెక్క.

ఆదోని ప్రాంతం చాలాకాలం బళ్లారి జిల్లాలోనే ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి నుంచి విడిపోయి ఆంధ్రలోకి వచ్చాయి. ఆదోని, ఆలూరు కర్నూలులో, రాయదుర్గం అనంతపురంలో కలిశాయి. జిల్లా మారినా పండగలు మారలేదు. జ్యేష్ఠ పున్నమి తెలుగువాళ్లకు ఏరువాక పున్నమి, కన్నడిగులకు కార హుణ్ణిమె. రెండు మాటలూ తెలిసిన ఈ ఊళ్లలో ఆ రోజు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, గెజ్జెలు కట్టి సాయంత్రం ఊరి వాకిట పరుగు తీయిస్తారు. ఊరి గవిని దగ్గర గోగునార తోరణం కట్టి ఉంటుంది. దాని కిందుగా ఎద్దులు దూసుకుపోతుంటే రైతులు చర్నాకోలతో ఆ తోరణం తెంచుకుంటారు. ఏ రంగు ఎద్దు ముందు వస్తుందో చూసి, ఆ ఏడాది ఆ రంగు పంట బాగా పండుతుందని కన్నడ సీమలో చెబుతారు. తెల్లది ముందు వస్తే జొన్న, పత్తి. ఉగాది వస్తే కర్నూలు పక్కన కల్లూరు చౌడేశ్వరి గుడి చుట్టూ బురద చేసి, అందులో బండ్లను, గాడిదలను ప్రదక్షిణ చేయిస్తారు. బండలాగుడు ఈ కుటుంబంలో పుట్టిన పోటీయే. తేడా ఒక్కటి. ఏరువాకనాడు ఊరిలోని ప్రతి ఎద్దూ పరుగెత్తుతుంది. బండ ముందు మాత్రం ఎంచిన జతే నిలబడుతుంది.

ఎంచిన జత అంటే ఈ రోజుల్లో చాలావరకు ఒంగోలు జాతి. మూపురం పెద్దది, గంగడోలు వేలాడుతుంది, తెల్లటి ఒళ్లు. ఆ జాతి సొంత నేల తూర్పున, ప్రకాశం, గుంటూరు, నెల్లూరు వైపు. పందొమ్మిదో శతాబ్దం నుంచి బ్రెజిల్‌కు ఓడల మీద వెళ్లిన ఈ పశువులు అక్కడ నెల్లూరు పేరుతో నెలోర్ అయ్యాయి. ఇప్పుడు ఆ దేశపు మాంస పశువుల్లో అత్యధికం ఆ రక్తమే. పుట్టిన నేల మీద మాత్రం జాతి పలచబడింది. గుంటూరు దగ్గర లాం పశుపరిశోధన కేంద్రం, ప్రకాశంలో చదలవాడ క్షేత్రం దాన్ని కాపాడే పనిలో ఉన్నాయి. వాటితోపాటు, ఏ ప్రణాళికలోనూ లేని ఇంకో కాపలాదారు ఉన్నాడు. బండ లాగించడానికి మంచి కోడె కావాలని పడమటి నుంచి తూర్పుకు వెళ్లి, లక్షలు పోసి కొనే రైతు. దేశంలో 2019 పశుగణన ప్రకారం మగ పశువులు 2012 నాటికంటే సుమారు 30 శాతం తగ్గిపోయాయి. ట్రాక్టరు దున్నుతోంది, మోటారు నీళ్లు తోడుతోంది. ఇంటి వాకిట మగదూడ పుడితే దాన్ని ఉంచడానికి ఏ కారణమూ మిగలని కాలంలో ఈ పోటీ ఒక కారణం ఇస్తోంది. ఆ మేలు చిన్నది కాదు.

ఎంచిన కోడె జీవితం క్రీడాకారుడి జీవితమే. తెల్లవారక ముందే నడక. వారంలో కొన్ని రోజులు బండ, కొన్ని రోజులు విశ్రాంతి. తుంగభద్ర డ్యాము నుంచి 1953 తర్వాత వచ్చిన దిగువ కాలువను ఇక్కడివాళ్లు ఎల్ఎల్‌సీ అనే అంటారు. ఆ కాలువ పొలాలకే కాదు, కోడెలకూ పనికొచ్చింది. నీళ్లున్న రోజుల్లో దానిలోకి దింపి ఈత కొట్టిస్తే కీళ్ల మీద బరువు పడకుండా కండ గట్టిపడుతుంది, ఊపిరి పెరుగుతుంది. ఈత నుంచి ఒడ్డుకు వచ్చిన కోడె ఒళ్లు దులుపుకున్నప్పుడు మూపురం ఒక పక్కకు ఒరిగి మళ్లీ నిలుస్తుంది. దాన్ని తుడిచే కుర్రాడు గంగడోలు మడతల్లోకి చెయ్యి పెట్టి తేమ లేకుండా తుడుస్తాడు. తేమ నిలిస్తే పుండవుతుంది.

ఇంత మేపినా బండ ముందు కోడె ఎందుకు అలసిపోతుందో ఒక లెక్క చెబుతుంది. ఎద్దు రోజంతా నలగకుండా దున్నాలంటే తన బరువులో పదో వంతు, మహా అయితే అంతకు కొంచెం పైన బలం పెట్టగలదు. రెండూ కలిసి వెయ్యి కిలోలు తూగే జతకు అది వంద కిలోల పైచిలుకు. టన్ను బండను మట్టి మీద ఈడ్చాలంటే, నేలను బట్టి, దాని బరువులో సగానికి అటూఇటూ బలం కావాలి. అంటే దుక్కి కంటే నాలుగయిదు రెట్లు. అందుకే ఈ పని గంటల్లో కాదు, నిమిషాల్లో. నిలబడి ఉన్న రాయిని కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్న రాయిని నడిపించడానికి కావలసిన దానికంటే ఎక్కువ. కనుక ఆపకుండా ఉండటమే అసలు విద్య. మంచి తోలేవాడు జతను పరుగెత్తించడు. అడుగు తెగకుండా చూస్తాడు.

మెట్టు మారిన జతకు తెలియనిది సరిగ్గా ఇదే. చిన్న బండ ఆగినా మళ్లీ తేలిగ్గా కదులుతుంది, తప్పు దిద్దుకోవచ్చు. పెద్ద బండ తప్పును క్షమించదు. అనుభవమున్న రైతులు అందుకే పన్ను రాబోతోందని తెలియగానే, అది బయటపడక ముందే, ఇంటి దగ్గర బరువు పెంచడం మొదలుపెడతారు. రోజూ కాదు. వారానికో పర్యాయం, కొంచెం కొంచెంగా. పన్ను ఊడే రోజుల్లో చిగుళ్లు నొచ్చి కోడె సరిగా నమలదు, సొప్పను వదిలేస్తుంది. ఆ వారాల్లో మెత్తటి మేత పెట్టి, బరువు తగ్గిస్తారు. తొందరపడి కాలు బెణికించిన కోడె ఆ ఏడు మొత్తం కట్టుకొయ్య దగ్గరే ఉండాలి.

ఈ పోటీల మీద న్యాయస్థానాల్లో జరిగిన పోరాటాన్ని దాటవేసి చరిత్ర రాయలేం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్రం 2011 జులైలో ప్రదర్శన జంతువుల నిషేధ జాబితాలో ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ, ఎడ్లబండి పందేలనూ నిలిపివేసింది. ఆ తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్ట సవరణలు చేసుకున్నాయి. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలను సమర్థించింది. ఆ మూడు రాష్ట్రాల్లో ఆంధ్ర లేదు. వాదన ఎటు పోయినా, కోర్టుల ముందు పెట్టిన ఆరోపణల్లో నిజాలున్నాయి. తోక మెలిపెట్టడం, ములుకోలతో పొడవడం ఎక్కడా జరగలేదని ఏ నిజాయితీ గల రైతూ అనడు. మంచి జతకు ములుకోల అక్కర్లేదు. కేకతో, వీపు మీద అరచేతి దెబ్బతో అది కదులుతుంది. పొడిస్తే తప్ప కదలని జత ఆ తరగతికి ఇంకా రాలేదని అర్థం. పోటీ నడిపేవాళ్లు ములుకోలను మైదానం బయటే ఉంచి, పశువైద్యుణ్ని మైదానంలో నిలబెట్టాలి. ఎద్దును ప్రేమించే ఊళ్లకు అది బరువైన షరతు కాదు.

పళ్ల తరగతుల్లోనూ ఆ దయ ఉంది. పాలపళ్ల దూడను నోరు నిండిన ఎద్దు పక్కన, అదే రాయి ముందు నిలబెట్టకపోవడమే ఆ ఏర్పాటు సారం. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులో బాస్క్ పల్లెల్లో ఎద్దులతో రాళ్లు లాగించే ఆట ఉంది. దాన్ని 'ఇడి ప్రొబాక్' అంటారు. ఊరి నడిబొడ్డున రాళ్లు పరిచిన బాటలో, ఇచ్చిన సమయంలో జత ఎన్ని మార్లు రాయిని అటూఇటూ ఈడ్చిందన్నది అక్కడ లెక్క. కోడుమూరు రైతు ఆ బాట పక్కన నిలబడితే భాష తప్ప అన్నీ తెలిసినట్టే ఉంటాయి. అమెరికాలో న్యూ ఇంగ్లాండ్ సంతల్లో ఎద్దుల జతలను బరువును బట్టి తరగతులుగా విడదీస్తారు. అక్కడ కాటా చెబుతుంది, ఇక్కడ నోరు చెబుతుంది. కాటా ఈ రోజు కోడె ఎంత ఉందో చెబుతుంది. నోరు దాని వయసు చెబుతుంది. మేపి మేపి ఒళ్లు పెంచిన చిన్న కోడెను పెద్దవాటిలో కలిపేసే ప్రమాదం ఇక్కడ లేదు.

ఎమ్మిగనూరు మైదానంలో నాలుగు పళ్ల పోటీ ముగిసేసరికి పొద్దు వాలుతుంది. ఉదయం తడబడిన ఆ జతకు చివరి వరసలో చోటు దక్కి ఉంటుంది. రైతు మాట్లాడడు. నీళ్లు పట్టుకుని మెడ మీద కాడి పడ్డ చోట చల్లి, అరచేత్తో రుద్దుతాడు. అక్కడ చర్మం కొంచెం వాచి, వేడిగా ఉంటుంది. పక్కనున్న ముసలాయన దగ్గరికి వచ్చి ఏమీ అడక్కుండానే కోడె కింది పెదవి వంచి చూస్తాడు.

"ఆరో పన్నుకు ఇంకా ఏడాది ఉంది నాయనా. ఈ బండతోనే లాగించుకో" అంటాడు.

"ఏడాది చాలు పెద్దాయనా" అంటాడు రైతు. ఉలవల గంపను కోడె ముందుకు జరిపి, అది మూతి పెట్టేదాకా పక్కనే నిలబడతాడు. పది రోజుల్లో ఇంకో ఊరి జాతర ఉంది.